యూనిట్ - 9: సెల్‌ఫోన్ రింగ్‌టోన్ల తయారీ

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 రింగ్‌టోన్, కాలర్‌ట్యూన్ - భేదం
9.3 రింగ్‌టోన్ పరిణామం
9.4 ధ్వని అంకెలుగా మారే విధానం
9.5 మంచి రింగ్‌టోన్ లక్షణాలు
9.6 తయారీలోని దశలు
9.7 ఒక్కొక్కరికి ఒక్కొక్క రింగ్‌టోన్
9.8 కాపీరైటు, భద్రత
9.9 సారాంశం
9.10 ముఖ్య పదాలు
9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు
9.12 మీ ప్రగతిని పరీక్షించుకోండి - సమాధానాలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• రింగ్‌టోన్‌కు, కాలర్‌ట్యూన్‌కు గల భేదాన్ని వివరించగలుగుతారు.
• ధ్వని ఫైలు పరిమాణాన్ని లెక్కకట్టగలుగుతారు.
• ఎవరి కోసం, ఎలాంటి రింగ్‌టోన్ అవసరమో నిర్ణయించగలుగుతారు.
• ధ్వనిని రికార్డు చేసి, కత్తిరించి, ఫోన్‌లో అమర్చగలుగుతారు.
• పాటలను వాడుకునేటప్పుడు గుర్తుంచుకోవలసిన కాపీరైటు నియమాలను చెప్పగలుగుతారు.

9.1 పరిచయం

గత యూనిట్‌లో ధ్వని ఫైళ్లను కంప్యూటర్‌లో భద్రపరిచే పద్ధతిని తెలుసుకున్నారు. ఆ జ్ఞానాన్ని నిత్యజీవితంలో ఎలా ఉపయోగించవచ్చో ఈ యూనిట్‌లో చూద్దాం. రింగ్‌టోన్ అనగానే సరదా కోసం పెట్టుకునే సినిమా పాట గుర్తుకు వస్తుంది. కాని రింగ్‌టోన్ అసలు పని సమాచారం ఇవ్వడం. ఫోన్ వచ్చిందని చెప్పడం మొదటి సమాచారం. ఎవరి దగ్గరినుంచి వచ్చిందో చెప్పడం రెండో సమాచారం. రెండోదాన్ని చాలామంది వాడుకోరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ ఇంట్లో చదువురాని నాయనమ్మ ఉందనుకోండి. కొడుకు దుబాయ్‌లో పనిచేస్తున్నాడు. కూతురు వరంగల్‌లో ఉంటుంది. మందుల సంగతి చెప్పడానికి ఊళ్లోని ఆశా కార్యకర్త అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. వీళ్లు కాక, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని చెప్పి మోసం చేయజూసే అపరిచితుల ఫోన్లూ వస్తాయి. తెరమీద పేరు కనబడినా నాయనమ్మ చదవలేదు. అన్ని ఫోన్లూ ఒకే విధంగా మోగితే, ప్రతి ఫోన్‌నూ ఎత్తడమో, భయపడి ఏదీ ఎత్తకపోవడమో జరుగుతుంది. కొడుకు ఫోన్‌కు ఒక ధ్వని, కూతురి ఫోన్‌కు మరొకటి ఉంటే ఆమె వంటింట్లో ఉండే ఎవరు పిలుస్తున్నారో తెలుసుకుంటుంది. చూపు లేనివారికి, చేతులు ఖాళీలేని పనిలో ఉన్నవారికి కూడా ఇదే ఉపయోగం. ఈ యూనిట్ అంతటా నాయనమ్మ ఫోన్‌నే ఉదాహరణగా తీసుకుంటాం.

9.2 రింగ్‌టోన్, కాలర్‌ట్యూన్ - భేదం

ఈ రెండు మాటలను చాలామంది ఒకదానికి బదులు మరొకటి వాడుతుంటారు. రింగ్‌టోన్ ఫోన్ అందుకునేవారికి వినిపిస్తుంది. దాని ఫైలు వారి ఫోన్‌లోనే ఉంటుంది. దాన్ని మార్చడానికి నెట్‌వర్క్ సంస్థ అనుమతిగాని, రుసుముగాని అక్కరలేదు.

కాలర్‌ట్యూన్ ఫోన్ చేసినవారికి వినిపిస్తుంది. అది నెట్‌వర్క్ సంస్థ కంప్యూటర్‌లో ఉంటుంది. దాన్ని మార్చాలంటే ఆ సంస్థ సేవను తీసుకోవాలి. 2020లో కోవిడ్ జాగ్రత్తలు చెప్పే సందేశం ఎవరికి ఫోన్ చేసినా వినిపించింది గుర్తుందా? అది నెట్‌వర్క్ వైపు నుంచి వచ్చిందే. ఫోన్‌లో ఏ అమరిక మార్చినా దాన్ని ఆపడం సాధ్యం కాకపోవడానికి కారణం ఇదే.

ధ్వని నాణ్యతలోనూ తేడా ఉంది. సాధారణ టెలిఫోన్ మార్గం మాటలు అర్థం కావడానికి చాలినంతగా, సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల మధ్య ఉన్న ధ్వనులనే మోసుకుపోతుంది. అందుకే కాలర్‌ట్యూన్‌గా విన్నప్పుడు మంచి పాట కూడా పీలగా వినిపిస్తుంది. రింగ్‌టోన్‌కు ఆ పరిమితి లేదు. మీ ఫోన్ స్పీకరు శక్తే దాని పరిమితి.

9.3 రింగ్‌టోన్ పరిణామం

పాత తీగ ఫోన్లలో విద్యుత్తు ప్రవాహానికి కదిలే చిన్న సుత్తి రెండు లోహపు గిన్నెలను కొట్టేది. మన దేశంలో ఆ మోతకు ఒక లయ ఉండేది. 0.4 సెకను మోత, 0.2 సెకను విరామం, మళ్లీ 0.4 సెకను మోత, ఆపైన 2 సెకన్ల నిశ్శబ్దం. మనం 'ట్రింగ్ ట్రింగ్' అని జంటగా పలకడానికి కారణం ఈ లయే. ఇందులోని నిశ్శబ్దం వృథా కాదు. చెవి ధ్వనికి అలవాటు పడిపోకుండా, ప్రతి మోతనూ కొత్తగా గమనించేటట్లు అది చేస్తుంది.

సెల్‌ఫోన్లలో మొదట వచ్చినవి ఏకస్వర రింగ్‌టోన్లు. వాటిలో ఒక సమయంలో ఒకే స్వరం పలుకుతుంది. వీటిలో బాగా పేరుపొందినది నోకియా ట్యూన్. స్పెయిన్ దేశపు గిటార్ విద్వాంసుడు ఫ్రాన్సిస్కో తర్రేగా 1902లో రచించిన 'గ్రాన్ వాల్స్' నుంచి దాన్ని తీసుకున్నారు. 2000లో వచ్చిన నోకియా 3310 వంటి ఫోన్లలో స్వరాలను సొంతంగా కూర్చుకునే వీలుండేది. 1 నుంచి 7 వరకు ఉన్న మీటలు ఏడు స్వరాలకు గుర్తులు. స్వరజ్ఞానం కొద్దిగా ఉన్నవారు తమకు నచ్చిన బాణీని మీటలతోనే రాసుకునేవారు. ఆ ఫైలులో ధ్వని ఉండదు. ఏ స్వరం, ఎంతసేపు, ఎంత వేగంతో అన్న సూచనలు మాత్రమే ఉంటాయి. ఫోన్ ఆ సూచనలను చదివి ధ్వనిని పుట్టిస్తుంది.

తరవాత వచ్చినవి బహుస్వర రింగ్‌టోన్లు. ఇవి మిడి పద్ధతిలో పనిచేసేవి. అనేక వాద్యాల స్వరాలు ఒకేసారి పలికేవి. ఇవి కూడా సూచనల ఫైళ్లే. ఫోన్లలో నిల్వ స్థలం, గణన శక్తి పెరిగిన తరవాత నిజమైన రికార్డింగునే రింగ్‌టోన్‌గా వాడడం సాధ్యమైంది. ఇవాళ మనం తయారుచేసేవి ఈ మూడో రకానికి చెందినవి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
1. కాలర్‌ట్యూన్ ఫైలు ఎక్కడ ఉంటుంది?
2. ఏకస్వర రింగ్‌టోన్ ఫైలులో ఏముంటుంది?

9.4 ధ్వని అంకెలుగా మారే విధానం

మైకు ముందు మాట్లాడినప్పుడు గాలిలోని కంపనాలు విద్యుత్ సంకేతాలవుతాయి. ఆ సంకేతం ఎత్తును క్రమమైన వ్యవధులలో కొలిచి అంకెలుగా రాసుకోవడమే డిజిటల్ రికార్డింగు. ఒక్కొక్క కొలతను నమూనా అంటారు. ఆడియో సీడీలో సెకనుకు 44,100 నమూనాలు ఉంటాయి. ఒక్కొక్క నమూనా 16 బిట్ల అంకె. ఎడమ, కుడి అని రెండు మార్గాలు ఉంటాయి. కాబట్టి ఒక సెకను ధ్వనికి కావలసినవి:

44,100 × 16 × 2 = 14,11,200 బిట్లు

30 సెకన్లకు ఇది 4,23,36,000 బిట్లు. 8 బిట్లు ఒక బైటు కనుక 52,92,000 బైట్లు. అంటే దాదాపు 5.3 మెగాబైట్లు. వేవ్ ఫైలులో ధ్వని సాధారణంగా ఇలాగే యథాతథంగా ఉంటుంది.

ఎంపి3, ఏఏసి, ఆగ్ వోర్బిస్ వంటి పద్ధతులు దీన్ని కుదిస్తాయి. పెద్ద ధ్వని పక్కనే ఉన్న చిన్న ధ్వనిని మన చెవి పట్టించుకోదు. అలా వినబడని భాగాలను తక్కువ బిట్లతో రాయడం, లేదా వదిలివేయడం ఈ పద్ధతుల కిటుకు. సెకనుకు 128 కిలోబిట్ల ఎంపి3లో 30 సెకన్ల ధ్వనికి 38,40,000 బిట్లు, అంటే 4,80,000 బైట్లు చాలు. పరిమాణం 11వ వంతుకు తగ్గింది.

ఒక జాగ్రత్త అవసరం. వదిలివేసిన భాగం మళ్లీ రాదు. ఎంపి3ని తెరిచి, మార్చి, తిరిగి ఎంపి3గా భద్రపరిచిన ప్రతిసారీ నాణ్యత కొంత తగ్గుతుంది. అందువల్ల పని పూర్తయ్యేవరకు వేవ్ రూపంలో ఉంచుకొని, చివర ఒక్కసారే కుదించాలి.

9.5 మంచి రింగ్‌టోన్ లక్షణాలు

(అ) నిడివి: మన దేశంలో సెల్‌ఫోన్ మోగే వ్యవధిని 30 సెకన్లుగా, తీగ ఫోన్ మోగే వ్యవధిని 60 సెకన్లుగా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019లో నిర్ణయించింది. కాబట్టి 30 సెకన్లకు మించిన రింగ్‌టోన్ చేసినా ఉపయోగం లేదు. చిన్న ఫైలు అయినా ఫరవాలేదు. ఫోన్ దాన్ని మళ్లీ మళ్లీ వినిపిస్తుంది.

(ఆ) ఆరంభం: పాట మొదట్లో వచ్చే మెల్లని వాద్యగోష్ఠిని రింగ్‌టోన్‌గా పెట్టుకుంటే, అది వినబడే స్థాయికి వచ్చేసరికి సగం సమయం గడిచిపోతుంది. గుర్తుపట్టవలసిన భాగం మొదటి రెండు మూడు సెకన్లలోనే రావాలి.

(ఇ) స్థాయి: మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు. కాని ఫోన్‌లోని చిన్న స్పీకరు అడుగు స్థాయి ధ్వనులను సరిగా పలికించలేదు. డప్పు మోతలోని గుండెను తాకే బరువు ఫోన్‌లో వినబడక, టకటకలు మాత్రమే మిగలడానికి ఇదే కారణం. రెండో వైపు, వయసు పెరిగేకొద్దీ చెవి మొదట పై స్థాయి ధ్వనులను వినే శక్తిని కోల్పోతుంది. పెద్దవాళ్లకు బాగా వినబడాలని కీచుమనే ధ్వనిని పెట్టడం అందుకే పొరపాటు. స్పీకరు పలికించగలిగి, ముసలి చెవి వినగలిగిన ధ్వని మధ్య స్థాయిలో, స్థూలంగా 500 నుంచి 2000 హెర్ట్జ్‌ల ప్రాంతంలో ఉంటుంది. నాదస్వరం, హార్మోనియం, స్పష్టంగా పలికిన మాట ఈ ప్రాంతంలో బలంగా ఉంటాయి.

(ఈ) భేదం: ఒకే ఫోన్‌లో వాడే రింగ్‌టోన్లు ఒకదానికొకటి పోలకూడదు. రెండు పాటలకన్నా ఒక వాద్యం, ఒక మాట తేలికగా వేరుగా తెలుస్తాయి.

(ఉ) విరామం: పాత ఫోన్ మోతనుంచి నేర్చుకోవలసిన పాఠం ఇది. ధ్వని తరవాత ఒక సెకను నిశ్శబ్దం ఉంచండి.

9.6 తయారీలోని దశలు

నాయనమ్మ ఫోన్‌లో కొడుకు పిలుపుకోసం ఒక రింగ్‌టోన్ తయారుచేద్దాం. ప్రణాళిక ఇది: ఒక సెకను గంట, రెండు సెకన్లు కొడుకు గొంతుతో 'అమ్మా, నేనే', ఒక సెకను నిశ్శబ్దం. మొత్తం 4 సెకన్లు. 30 సెకన్లలో ఇది ఏడుసార్లు పూర్తిగా వినిపిస్తుంది.

9.6.1 రికార్డు చేయడం

ఫోన్‌లో ఉండే రికార్డర్ యాప్ చాలు. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో కొంచెం పక్కగా పట్టుకోవాలి. ఎదురుగా పట్టుకుంటే ప, బ వంటి అక్షరాలు పలికినప్పుడు ఊపిరి మైకును కొట్టి 'భుస్' మంటుంది. బోసిగా ఉన్న గదిలో ప్రతిధ్వని వస్తుంది. దుప్పట్లు, బట్టలు ఉన్న గది మంచిది. మూడుసార్లు పలికించి, వాటిలో మంచిదాన్ని ఎంచుకోవాలి. కొడుకు దూరదేశంలో ఉంటే, మాట్లాడుతుండగా ఫోన్‌లో రికార్డు చేయవద్దు. అక్కడే రికార్డు చేసి ఆ ఫైలును పంపమని అడగండి. టెలిఫోన్ మార్గంలో వచ్చిన గొంతు ఎందుకు పీలగా ఉంటుందో 9.2లో చదివారు.

9.6.2 కత్తిరించడం, సరిచేయడం

ఇందుకు కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడవచ్చు. ఇది 2000లో తొలిసారి విడుదలైంది.

మొదటి దశ: రికార్డు చేసిన ఫైలును ఆడాసిటీలోకి తీసుకోండి. ధ్వని అలల బొమ్మగా కనిపిస్తుంది.

రెండో దశ: కావలసిన భాగాన్ని మౌస్‌తో ఎంచుకొని, విని చూసి, మిగిలినదాన్ని తొలగించండి. అల మధ్యగీతను దాటే చోట కత్తిరించాలి. అల ఎత్తులో ఉన్నచోట కత్తిరిస్తే అక్కడ 'టిక్' మనే శబ్దం వస్తుంది.

మూడో దశ: గంట ధ్వనిని మాటకు ముందు చేర్చండి. ఇంట్లోని పూజగంటను ఒక్కసారి మోగించి రికార్డు చేసినా సరిపోతుంది. చివర ఒక సెకను నిశ్శబ్దం చేర్చండి.

నాలుగో దశ: నార్మలైజ్ అనే ఆదేశంతో ధ్వని తీవ్రతను గరిష్ఠానికి కొంచెం తక్కువగా, మైనస్ 1 డెసిబెల్ దగ్గర నిలపండి. గరిష్ఠాన్ని దాటితే అలల తలలు తెగిపోయి మాట బొంగురుగా, పగిలినట్లు వినబడుతుంది.

అయిదో దశ: ఒకే మార్గం గల మోనో ధ్వనిగా మార్చి, ఎంపి3గా భద్రపరచండి. సెకనుకు 64 కిలోబిట్లు చాలు. 4 సెకన్లకు 32,000 బైట్లు మాత్రమే అవుతుంది.

కంప్యూటర్ లేనివారు ఫోన్‌లోనే ధ్వనిని కత్తిరించే యాప్‌లతో మొదటి రెండు దశలు చేసుకోవచ్చు.

9.6.3 ఫోన్‌లో అమర్చడం

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫైళ్ల యాప్ తెరిచి, ఆ ఫైలును 'రింగ్‌టోన్స్' అనే ఫోల్డరులోకి చేర్చండి. తరవాత సెట్టింగ్స్‌లో సౌండ్ అనే విభాగంలోని రింగ్‌టోన్ జాబితాలో దాని పేరు కనిపిస్తుంది. ఫైలును తరవాత తొలగించినా, పేరు మార్చినా, ఫోన్ మామూలు మోతకు తిరిగిపోవచ్చు.

ఐఫోన్‌లో రింగ్‌టోన్ ఫైలు ఎం4ఆర్ రూపంలో ఉంటుంది. లోపల ఉన్నది ఏఏసి ధ్వనే. గరాజ్‌బ్యాండ్ యాప్‌లో 30 సెకన్లకు మించకుండా ధ్వనిని సిద్ధం చేసి, రింగ్‌టోన్‌గా ఎగుమతి చేయవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
1. సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున 15 సెకన్ల ఎంపి3 పరిమాణం ఎంత?
2. పెద్ద వయసువారికి కీచు ధ్వని ఎందుకు తగదు?

9.7 ఒక్కొక్కరికి ఒక్కొక్క రింగ్‌టోన్

కాంటాక్ట్స్ యాప్‌లో కొడుకు పేరు తెరిచి, మెనూలో 'సెట్ రింగ్‌టోన్' ఎంచుకొని, మీరు తయారుచేసిన ధ్వనిని చూపండి. ఐఫోన్‌లో పేరు తెరిచి ఎడిట్ నొక్కితే రింగ్‌టోన్ అన్న వరుస కనిపిస్తుంది. ఇక్కడ విద్యార్థులు సాధారణంగా పొరబడే విషయాలు మూడు ఉన్నాయి.

మొదటిది, సిమ్ కార్డులో దాచిన నంబర్లకు చాలా ఫోన్లలో ప్రత్యేక రింగ్‌టోన్ పెట్టే వీలుండదు. ముందు ఆ నంబరును ఫోన్‌లోకి మార్చుకోవాలి.

రెండోది, వాట్సాప్ కాల్స్‌కు కాంటాక్ట్స్‌లో పెట్టిన ధ్వని వర్తించదు. వరంగల్‌లో ఉన్న కూతురు నెట్ ద్వారానే ఫోన్ చేస్తుంటే, ఆ యాప్‌లో ఆమె పేరుమీద నొక్కి, నోటిఫికేషన్ల విభాగంలో కాల్ రింగ్‌టోన్‌ను విడిగా పెట్టాలి.

మూడోది, ఫోన్ మార్చినప్పుడు పేర్లు, నంబర్లు కొత్త ఫోన్‌లోకి వచ్చినా ఈ ధ్వనులు తరచు రావు. ఫైళ్లను వేరేచోట భద్రపరచుకోవాలి.

ఇక అపరిచితుల సంగతి. తెలిసినవారందరికీ ప్రత్యేక ధ్వనులు పెట్టిన తరవాత, సాధారణ రింగ్‌టోన్‌గా మామూలు మోతను ఉంచండి. అప్పుడు ఆ మోత వినబడిందంటే, పిలిచేది తెలియనివారని అర్థం. నాయనమ్మకు చెప్పవలసిన నియమం ఒక్కటే: 'ఆ మోత వస్తే ఇంట్లో ఎవరినైనా పిలువు. ఒక్కదానివే ఎత్తినా, నంబర్లేవీ చెప్పకు.' ఇది సంపూర్ణ రక్షణ కాదు. ఆసుపత్రి నుంచో, కొత్త నంబరుతో మనవడో కూడా పిలవవచ్చు. కాని ఎత్తే ముందే ఒక క్షణం ఆగి ఆలోచించే అవకాశం ఇస్తుంది. మోసం జరిగి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.

9.8 కాపీరైటు, భద్రత

ఒక సినిమా పాటలో సాహిత్యం, సంగీతం, రికార్డింగు అనే మూడింటికీ వేరువేరు హక్కులు ఉంటాయి. మన దేశంలో 1957 కాపీరైటు చట్టం వీటిని కాపాడుతుంది. సాహిత్యానికి, సంగీతానికి రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. రికార్డింగుకు విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1995లో విడుదలైన రికార్డింగు మీద హక్కు 2055 చివరి వరకు కొనసాగుతుంది.

త్యాగరాజస్వామి 1847లో పరమపదించారు. ఆయన కీర్తనల మీద ఇప్పుడు ఎవరికీ కాపీరైటు లేదు. కాని ఒక విద్వాంసుడు పాడగా సంస్థ విడుదల చేసిన కీర్తన రికార్డింగు మీద హక్కు ఉండవచ్చు. అన్నమయ్య కీర్తనల విషయంలో మరో మెలిక ఉంది. సాహిత్యం 15వ శతాబ్దానిదే అయినా, ఇవాళ వినే బాణీలలో అనేకం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలైనవారు 20వ శతాబ్దంలో కట్టినవి. ఆ బాణీలకు హక్కుదారులు ఉండవచ్చు.

వ్యక్తిగత ఉపయోగానికి చేసే న్యాయమైన వాడకాన్ని చట్టంలోని 52వ సెక్షను ఉల్లంఘనగా పరిగణించదు. మీరు కొన్న పాటనుంచి ఒక ముక్క మీ ఫోన్‌లో పెట్టుకోవడం వేరు. ఆ ముక్కలను దుకాణంలో అమ్మడం, అందరికీ పంచడం వేరు. మీ ఇంటివారి గొంతు, మీరు వాయించిన వాద్యం వాడుకుంటే ఈ చిక్కులేవీ ఉండవు. గొంతు ఇచ్చినవారి సమ్మతి మాత్రం తీసుకోండి.

ఉచిత రింగ్‌టోన్ యాప్‌లను దించుకునేటప్పుడు అవి అడిగే అనుమతులను చదవండి. ధ్వని ఫైళ్లను చూడడానికి, రింగ్‌టోన్ మార్చడానికి అనుమతి అడగడం సహజం. సంక్షిప్త సందేశాలు చదవడానికి అనుమతి అడిగితే ఆ యాప్‌ను తొలగించండి. బ్యాంకు పంపే ఓటీపీలు వచ్చేది ఆ సందేశాల్లోనే.

9.9 సారాంశం

రింగ్‌టోన్ ఫోన్ అందుకునేవారికి, కాలర్‌ట్యూన్ చేసినవారికి వినిపిస్తాయి. సూచనల ఫైళ్లతో మొదలైన రింగ్‌టోన్లు నేడు నిజమైన రికార్డింగులుగా మారాయి. మంచి రింగ్‌టోన్ త్వరగా మొదలవుతుంది, మధ్య స్థాయిలో ఉంటుంది, విరామం కలిగి ఉంటుంది, ఇతర ధ్వనులకు భిన్నంగా ఉంటుంది. రికార్డు చేయడం, కత్తిరించడం, తీవ్రత సరిచేయడం, చివర ఒక్కసారే కుదించడం, ఫోన్‌లో అమర్చడం దీనిలోని దశలు. తెలిసినవారికి ప్రత్యేక ధ్వనులు పెడితే, అక్షరాలు రానివారూ చూపు లేనివారూ ఎవరు పిలుస్తున్నారో తమంతట తామే తెలుసుకోగలుగుతారు.

9.10 ముఖ్య పదాలు

నమూనా: ధ్వని సంకేతాన్ని ఒక క్షణంలో కొలిచి రాసిన అంక.
హెర్ట్జ్: సెకనుకు ఎన్ని కంపనాలో తెలిపే ప్రమాణం.
మోనో: ఒకే మార్గం గల ధ్వని.
కుదింపు: వినబడని భాగాలను తగ్గించి ఫైలును చిన్నది చేయడం.

9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు సుమారు 30 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. రింగ్‌టోన్ తయారీలోని దశలను ఉదాహరణతో వివరించండి.
2. మంచి రింగ్‌టోన్ లక్షణాలను ధ్వని స్వభావం ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సుమారు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. రింగ్‌టోన్, కాలర్‌ట్యూన్‌ల భేదాలు తెల్పండి.
2. పాత కీర్తనను రింగ్‌టోన్‌గా వాడేటప్పుడు ఏ ఏ హక్కులను గమనించాలి?

III. అభ్యాసం: మీ ఇంట్లోని ఒక పెద్దవారి ఫోన్‌కు మూడు వేరువేరు రింగ్‌టోన్లు తయారుచేసి అమర్చండి. వారం తరవాత వారు తెర చూడకుండా ఎవరి ఫోనో గుర్తుపట్టగలుగుతున్నారేమో పరిశీలించి రాయండి. గుర్తుపట్టలేకపోతే లోపం ధ్వనిలో ఉందని భావించి, దాన్ని మార్చండి.

9.12 మీ ప్రగతిని పరీక్షించుకోండి - సమాధానాలు

1. (1) నెట్‌వర్క్ సంస్థ కంప్యూటర్‌లో. (2) ఏ స్వరం, ఎంతసేపు, ఎంత వేగంతో పలకాలో తెలిపే సూచనలు.
2. (1) 64,000 × 15 = 9,60,000 బిట్లు. అంటే 1,20,000 బైట్లు. (2) వయసుతోపాటు పై స్థాయి ధ్వనులను వినే శక్తి మొదట తగ్గుతుంది కనుక.